పులుపు చాలని మన్ను

రత్నధ్వజపురంలోని రాజమల్లశాలను చూసినవాడు ఎవడైనా సరే, ముందు నోరు వెళ్ళబెట్టి తీరాల్సిందే. నలభై రెండు చందనపు స్తంభాలు; ఒక్కొక్క స్తంభం మీద తొడగొడుతున్న మల్లుడి శిల్పం; ఆ శిల్పాల కళ్ళలో కెంపులు. నడుమ నాలుగు ఏనుగులు పడుకున్నా ఇంకా చోటు మిగిలే గోదా. దాని చుట్టూ పాలరాతి మెట్లు, మెట్ల మీద ముత్యాల కుచ్చులు వేలాడే పట్టు గొడుగులు. ఇంత వైభవమూ చూశాక, లోపల ఉండే మల్లులను కూడా చూస్తే మాత్రం తెరుచుకున్న నోరు దానంతటదే మూతపడుతుంది. ఎనభై మంది! పొద్దున లేచింది మొదలు మీగడ, బాదంపప్పు, నేతిలో వేయించిన గుడ్లు. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం ఒకడి కండలు ఒకడు తడిమి పొగుడుకోవడం. ఆ పొగడ్తలు విని విని శిల్పాలకే సిగ్గు వేసి ఉండాలి.

ఆ ఎనభై మందిలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఎనభై ఒకటోవాడు బయ్యన.

బయ్యన పని గోదా మన్ను పిసకడం. కోడి కూయగానే లేచి, పారతో మన్నంతా తిరగేసి, అందులో నువ్వుల నూనె, పసుపు, పుల్లని మజ్జిగ పోసి, మోకాళ్ళ దాకా దిగబడి కాళ్ళతో తొక్కేవాడు. మన్ను వెన్నలా అయ్యాక చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవాడు. పులుపు సరిపోతే తల ఊపేవాడు. సరిపోకపోతే “పులుపు చాల్లేదు” అని గొణుక్కుని ఇంకో కడవ మజ్జిగ కుమ్మరించేవాడు. పులుపు తగ్గిన మన్ను ఒంటిని గీరి పుండు చేస్తుందని అతనికి చిన్నప్పుడే నేర్పారు. మన్ను రుచి చూసే మనిషిని ఈ ఎనభై మంది ఇంకెక్కడా చూసి ఉండరు. వాళ్ళకదో పెద్ద వేడుక.

“ఒరే మన్నుగా! ఇవాళ కూరలో ఉప్పు సరిపోయిందట్రా?” అని అరిచేవాడు చండవిక్రముడు. మిగిలినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

ఈ చండవిక్రముడు సేనాపతిగారి ఏకైక పుత్రరత్నం. ‘గజగర్వభంజనుడు’ అని ఒక బిరుదు, ‘మల్లకులదావానలుడు’ అని ఇంకొకటి. ఏ గజం గర్వం ఎప్పుడు భంజించాడో చూసినవాడు లేడు. శాలకు ఉన్న ఏనుగు మాత్రం అతను కనపడితే తోక ఊపుకుంటూ గడ్డి నమిలేది. అయినా అతని కండలు అబద్ధం కావు. ఆరడుగుల పైన మూడంగుళాలు, దూలాల్లాంటి చేతులు. రోజూ సాయంత్రం సాధనలో అతని కింద పడటానికి ఎవడో ఒకడు కావాలి. కండలు నలిగిపోతాయని మిగతావాళ్ళు తప్పుకుంటే, ఆ పని కూడా బయ్యన నెత్తినే పడింది. ఆరేళ్ళుగా రోజుకు పదిసార్లు చండవిక్రముడి చేతిలో వెల్లకిలా పడుతూనే ఉన్నాడు. పడినప్పుడల్లా లేచి, ఒళ్ళు దులుపుకుని, “బాగా వేశారు చిన్నదొరా” అనేవాడు. లోపల మాత్రం, ‘కుడికాలు ముందుకేసే ముందు గడ్డం పైకెత్తుతున్నాడు వెధవ, ఆరేళ్ళయినా మానలేదు’ అనుకునేవాడు.

ఇన్ని అవమానాలు మింగి ఆ శాలలో పడి ఉండటానికి బయ్యనకు ఒకటే కారణం ఉంది. ఆ కారణం పేరు పోలన.

రత్నధ్వజపురానికి ప్రాణం పోసే శంఖవాహినీ నది ఏడుపడగల కొండ మీద పుడుతుంది. ఆ కొండను కాలజంఘుడనే మాంత్రికుడు పట్టుకుని కూర్చున్నాడు. పుష్కరానికి ఒకసారి ఈ శాల నుంచి ఒకే ఒక్క మల్లుడు అతని దుర్గానికి పోయి, అతని మల్లుడితో తలపడాలి. గెలిస్తే నది నిండుగా పారుతుంది. ఓడితే నది సగానికి సన్నబడుతుంది, పోయినవాడు తిరిగి రాడు, కడియం ఒక్కటే నదిలో కొట్టుకువస్తుంది. ఆ పోయేవాడి ముంజేతికి ఎర్రకడియం తొడుగుతారు. కడియం ఉన్న చేయి తగిలితే తప్ప దుర్గం తలుపు తెరుచుకోదు. పన్నెండేళ్ళ కిందట ఆ కడియం తొడుక్కుని పోయినవాడు పోలన. బయ్యనకు సొంత అన్న. మన్ను రుచి చూడటం నేర్పింది ఆ అన్నే.

పోలన రాలేదు. నది సన్నబడింది. ఓడినవాడి రక్తసంబంధీకులు ఆ కడియాన్ని తాకరాదని రాజజ్యోతిష్కుడు శాసనం చేయించాడు. ఆ మహానుభావుడు చెప్పిన వాన ఒక్కటీ ఇంతవరకూ కురిసిన పాపాన పోలేదు, కానీ అతని శాసనం మాత్రం రాతి మీద చెక్కారు. అందుకే బయ్యన ఊరూ పేరూ దాచుకుని, కూలివాడిగా మల్లశాలలో చేరాడు. అన్న బతికి ఉంటే తీసుకురావాలి. లేకపోతే ఎముకైనా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలి. ఆ తలుపు తెరుచుకునేది ఈ పుష్కరంలో ఒక్కసారే.

ఆ రోజు రానే వచ్చింది. తూర్పున ఎర్రబడుతుండగా భేరీలు మోగాయి. రాజుగారు ఆవలిస్తూ సింహాసనం మీద కూర్చున్నారు. మల్లశాల గురువు భీమపాదాచార్యులు బంగారు పళ్ళెంలో ఎర్రకడియం పెట్టుకుని గోదా మధ్యకు వచ్చాడు.

“శాల కూడు తిన్న ఏ మల్లుడైనా దీన్ని తాకి పోటీకి నిలబడవచ్చు!” అని ప్రకటించాడు.

చండవిక్రముడు గడ్డం పైకెత్తి వచ్చి కడియం మీద చేయి వేశాడు. మిగిలిన డెబ్బై తొమ్మిది మందీ ఒక్కసారిగా తమ కాలిగోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకడికి దగ్గు వచ్చింది, ఇంకొకడికి నడుం పట్టేసింది. మీగడ తినేటప్పుడు లేని రోగాలన్నీ ఆ క్షణానే పుట్టుకొచ్చాయి. వాళ్ళను చూసి బయ్యనకు ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళ దాకా మన్నుతో, చేతిలో పారతో అలాగే నడిచి వచ్చి, పళ్ళెంలోని కడియం మీద రెండు వేళ్ళు పెట్టాడు.

“ఒరే, ఒరే! అది కడగాల్సిన సామాను కాదురా!” అన్నాడు గురువు కంగారుగా.

“తెలుసు గురువుగారూ. పోటీకే వచ్చాను.”

శాలంతా గొల్లుమంది. రాజుగారికి కూడా ఆవలింత మధ్యలో నవ్వు వచ్చి పొలమారింది.

“నువ్వా? నువ్వు మల్లుడివా?” అన్నాడు గురువు.

“ఆరేళ్ళుగా శాల కూడు తింటున్నాను కదండీ. మీరు చెప్పిందే కదా, కూడు తిన్నవాడు ఎవడైనా అని.”

గురువు ఒప్పుకోక తప్పలేదు. నియమం నియమమే. చండవిక్రముడు మాత్రం బయ్యన వైపు చూడనైనా చూడకుండా, “ఎండ నడినెత్తికి రాగానే ముగిద్దాం. ఆ తర్వాత వీడే గోదా ఊడ్చాలిగా” అన్నాడు.

పైకి అలా అన్నాడే గానీ, నూటికి నూరుపాళ్ళు ధైర్యం ఉన్నవాడు ఆ తర్వాత చేసిన పని చేయడు. పోటీకి ఇద్దరికీ నూనె తేవడానికి బయ్యన నూనె కొట్టులోకి పోగానే వెనక తలుపు ధన్‌మని మూసుకుంది. గొళ్ళెం పడింది. అదే సమయానికి అటువైపు చిన్న తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపలికి ఎలుగుబంటి వచ్చింది.

మల్లులు కుస్తీ నేర్చుకోవాలని రాజుగారు ముచ్చటపడి తెప్పించిన ఎలుగుబంటి అది. దాని దగ్గరకు పోయే మొనగాడు ఆ శాలలో పుట్టలేదు కాబట్టి, నాలుగేళ్ళుగా ఊరికే తిని బలిసింది. ఆ రోజు కావాలని దాన్ని పస్తు పెట్టినట్టున్నారు. నల్లని జూలు నిక్కబొడుచుకుని, వెనక కాళ్ళ మీద లేచి, కొట్టు అదిరేలా గర్జించింది.

బయ్యన వెనక్కి దూకాడు. వీపు తగిలి నువ్వుల నూనె బాన పగిలింది. ఎలుగు పంజా విసిరింది. ఇంకో బాన పగిలింది. మూడోది దొర్లి బయ్యన నెత్తి మీదే కుమ్మరించుకుంది. జుట్టు నుంచి అరికాళ్ళ దాకా నూనె! ఎలుగు మీదపడి రెండు చేతులా వాటేసుకుంది. ఎముకలు విరగాల్సిందే. కానీ అది బిగించేకొద్దీ బయ్యన పైకి జారాడు. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారాడు. నేలంతా నూనె మడుగు కావడంతో ఎలుగు నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయి బొక్కబోర్లా పడింది. అదే అదనుగా బయ్యన దాని వీపు మీద కాలు వేసి పైకెగిరి, గోడకున్న గవాక్షం పట్టుకున్నాడు. పిల్లి కూడా దూరలేని సందు అది. పొడి ఒంటితో అయితే భుజాల దగ్గరే ఇరుక్కుపోయేవాడు. నూనె పుణ్యమా అని జర్రున జారి బయటి గడ్డివాము మీద పడ్డాడు.

‘ఓరి పిరికి సన్నాసీ! ఆరేళ్ళు రోజూ పడేసినవాణ్ణి ఇంకోసారి పడేయడానికి ఎలుగుబంటి సాయం కావలసి వచ్చిందా?’ అనుకున్నాడు బయ్యన. లేచి, ఒళ్ళు తుడుచుకునే వ్యవధి కూడా లేక గోదా వైపు పరుగు తీశాడు.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. నూనె కారుతూ వచ్చి నిలబడిన బయ్యనను చూడగానే చండవిక్రముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా వెంటనే సర్దుకుని గడ్డం ఎత్తాడు.

ఆ శాలలో అనాదిగా ఒక ఆచారం ఉంది. తలపడే ముందు ఇద్దరూ గోదాలోంచి దోసెడు మన్ను తీసి, ఒకరి ఒంటి మీద ఒకరు చల్లుకోవాలి. ‘నువ్వూ నేనూ సమానం’ అని దాని అర్థం. నూనె రాసుకున్న ఒంటికి మన్ను అంటితేనే చేతికి పట్టు దొరుకుతుందన్న సంగతి కూడా అందులోనే ఉంది.

బయ్యన దోసెడు మన్ను తీసి, వంగి నమస్కరించి, చండవిక్రముడి భుజాల మీద, రొమ్ము మీద చల్లాడు. చండవిక్రముడు కప్పను చూసినట్టు ముఖం పెట్టి, సేవకుడి చేత పట్టుగుడ్డతో దులిపించుకున్నాడు. నూనె పట్టిన మన్ను గుడ్డకు లొంగుతుందా? సగానికి సగం ఒంటి మీదే ఉండిపోయింది.

“ఇక మీరు చల్లండి చిన్నదొరా” అన్నాడు గురువు.

“వీడి కాళ్ళ కింద నలిగిన మన్ను నేను చేత్తో ముట్టుకోవాలా?”

ఆ మన్నులోనే రోజూ దొర్లుతున్న సంగతి ఆ మహావీరుడికి గుర్తు రాలేదు. గురువు మాత్రం బయ్యన ఒళ్ళు ఎగాదిగా చూశాడు.

“చిన్నదొరా, నా మాట వినండి. వాడి ఒళ్ళు చూడండి, ఎలా కారుతోందో! ఒక్క దోసెడు, ఒక్కటంటే ఒక్కటి చల్లండి.”

“సమానమైనవాడి మీద చల్లుతారు గురువుగారూ. వీడి మీద చల్లితే మన్ను దండగ.”

“పోనీ నేను చల్లనా?”

“మీరు చల్లితే వీణ్ణి మా అంతవాడని ఒప్పుకున్నట్టే. గంట కొట్టించండి!”

గంట మోగింది.

చండవిక్రముడు మీదికి ఉరికి గజబంధం వేశాడు. నడుం చుట్టూ చేతులు పడ్డాయి, బిగుసుకున్నాయి, సర్రున జారి తన చేతులు తనకే తగిలాయి. గరుడబంధం వేశాడు. బయ్యన మెడ అతని చంకలోంచి సబ్బులా జారిపోయింది. జనం ముందు ముసిముసిగా, తర్వాత బాహాటంగా నవ్వారు. చండవిక్రముడు పళ్ళు పటపట కొరికాడు.

“నిలబడరా మన్నుగా! మగాడివైతే చేతికి చిక్కు!”

“రోజూ చిక్కాను కదా దొరా. ఇవాళ మీరే వద్దన్నారు.”

చండవిక్రముడికి కళ్ళు బైర్లు కమ్మాయి. తన ఆఖరి అస్త్రమైన నాగబంధానికి సిద్ధమయ్యాడు. గడ్డం పైకి లేచింది. ఆ గడ్డం కోసమే ఆరేళ్ళుగా కాచుకున్న బయ్యన, కుడికాలు ముందుకు పడకముందే కిందికి దూరాడు. మన్ను అంటిన జబ్బ చిక్కింది. మన్ను అంటిన భుజం చిక్కింది. పట్టు గట్టిగా దొరికింది. తుంటి మీదకెత్తి ఒక్క తిప్పు తిప్పేసరికి, గజగర్వభంజనుడు గాలిలో గిరగిరా తిరిగి గోదా మధ్యలో వెల్లకిలా పడ్డాడు. రెండు భుజాలూ మన్నుకు అంటుకున్నాయి. నోట్లోకి పోయిన మన్నును ఉమ్ముకుంటున్నాడు.

“ఎలా ఉంది దొరా? పులుపు సరిపోయిందా?” అన్నాడు బయ్యన.

ఎవరూ జయజయధ్వానాలు చేయలేదు. జ్యోతిష్కుడు రాజుగారి చెవిలో ఏదో ఊదాడు. రాజుగారు చేయి విదిలించి, “వీణ్ణే పంపండి. పోతే పోయేది మన్ను పిసికేవాడేగా!” అని లేచి భోజనానికి వెళ్ళిపోయారు. సేవకుల చేతుల మీద లేస్తున్న చండవిక్రముడి ముఖంలో, దుర్గానికి పోయే బాధ తప్పినందుకు ఊరట కనిపించింది. అది చూసి బయ్యనకు పరమ అసహ్యం వేసింది. గురువు ఎర్రకడియం తొడుగుతుంటే మాత్రం బయ్యన కళ్ళు చెమర్చాయి. ఇదే కడియం అన్న చేతికి ఉండేది.

ఆ తర్వాత మూడు పగళ్ళు బయ్యన ఆగింది లేదు. మనిషి వాసన తగిలితే ముడుచుకునే ముళ్ళడవిని, ఒంటికి పేడ పూసుకుని దాటాడు. బుసకొట్టే ఆవిరిగుంటల మీదుగా చెట్ల ఊడలు పట్టుకుని ఎగిరాడు. తల మీద రాబందులు తిరుగుతుంటే, వాటిని తిట్టుకుంటూ ఏడుపడగల కొండ ఎక్కాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి నల్లరాతి దుర్గం ముందు నిలబడి, కడియం ఉన్న చేత్తో తలుపు తట్టాడు. వెయ్యి బారువుల బరువున్న ఇనుప తలుపు కిమ్మనకుండా తెరుచుకుంది.

లోపల మరో గోదా. చుట్టూ నిలువెత్తు రాతి మల్లులు. కెంపుల కళ్ళు లేవు వీటికి. కొన్నిటి నోళ్ళు కేక వేస్తుండగానే గడ్డకట్టాయి. బయ్యన ఒక్కొక్క ముఖం దగ్గరకూ పోయి చూశాడు. ముప్పై ఒక్క ముఖాలు. ఏదీ పోలనది కాదు. ప్రాణం కాస్త కుదుటపడింది.

“ఎవణ్ణి వెతుకుతున్నావురా పురుగా?”

పాము ఎముకల సింహాసనం మీద కాలజంఘుడు కూర్చుని ఉన్నాడు. పీపాలాంటి పొట్ట, నడుం దాకా జడలు, కింద మాత్రం కొంగకుండే రెండు నల్లటి పుల్లకాళ్ళు. లోకాన్ని గడగడలాడించే మాంత్రికుడికి ఆ కాళ్ళేమిటా అని బయ్యనకు నవ్వు వచ్చింది.

“ఏం లేదు స్వామీ. నీ కాళ్ళకు తగ్గ బొమ్మ ఒక్కటైనా ఉందేమోనని చూస్తున్నా.”

కాలజంఘుడి కళ్ళు ఎర్రబడ్డాయి. “ఆ రత్నధ్వజపురంలో మనుషులు కరువయ్యారా, ఈసారి కూలివాణ్ణి పంపారు? విను. ఏడు రాజ్యాల మల్లులు ఇలాంటి కడియాలే తొడుక్కుని వచ్చారు. పన్నెండేళ్ళుగా నా మల్లుడు ఒక్కణ్ణీ మిగల్చలేదు. ఇక్కడ నియమం ఒకటే. ఎవడి వెన్ను మన్నుకు తగిలితే వాడు ఆ క్షణమే రాయి. నువ్వైనా సరే, నా మల్లుడైనా సరే!”

చప్పట్లు చరిచాడు. నేలమాళిగ తలుపు పైకి లేచింది. గొలుసుల చప్పుడుతో ఒక మహాకాయుడు గోదాలోకి వచ్చాడు. బూడిద రంగు చర్మం, తలంతా కప్పేసిన ఇనుప ముసుగు, నోటి దగ్గర సన్నని చీలిక. చూపు లేదు, మాట లేదు. మంత్రం ఎటు లాగితే అటు అడుగు పడుతోంది. ‘వీడూ ఒక మల్లుడేనా! తోలుబొమ్మ!’ అనుకుని బయ్యన జబ్బలు చరిచాడు. అలవాటు కొద్దీ వంగి పిడికెడు మన్ను తీశాడు.

ఎదుట మహాకాయుడు కూడా వంగాడు. గోదాలోంచి చిటికెడు మన్ను తీసి, ముసుగు చీలికలోంచి నాలుక మీద వేసుకున్నాడు. థూ అని ఉమ్మేశాడు.

“పులుపు చాల్లేదు” అని గొణిగాడు.

బయ్యన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“చూశావా వాడి వేషాలు!” అని కాలజంఘుడు పకపక నవ్వాడు. “నా పాత మల్లుణ్ణి పడగొట్టాడని, మాట తప్పి వీణ్ణే మంత్రంతో కట్టేసుకున్నాను. వాడి పేరు మరిపించాను, ఊరు మరిపించాను. ఆ మన్ను నాకే దరిద్రపు అలవాటు ఒక్కటి మాత్రం ఎన్ని మంత్రాలు వేసినా పోలేదు. ఏ ఊరి పిచ్చో, ఏం పాడో!”

మహాకాయుడు దోసెడు మన్ను తీసి బయ్యన భుజాల మీద, రొమ్ము మీద చల్లాడు. ఎంత పద్ధతిగా చల్లాడు! ముందు కుడి భుజం, తర్వాత ఎడమ భుజం, చివర రొమ్ము. చిన్నప్పుడు పెరట్లో తమ్ముణ్ణి నిలబెట్టి పోలన చల్లింది కూడా ఇలాగే. తను గెలిస్తే అన్న రాయి. ఓడితే తను రాయి.

కాలజంఘుడు గంట మోగించాడు.

మహాకాయుడి రెండు చేతులూ చాచుకుని వచ్చి బయ్యన గొంతు పట్టుకున్నాయి. ఒళ్ళంతా మన్ను, జారే దారి లేదు. కాళ్ళు నేల మీద నుంచి లేచాయి. కళ్ళ ముందు చీకట్లు కమ్ముకుంటున్నాయి. బయ్యన చెయ్యి మెల్లగా పైకెత్తి, పిడికిట్లో మిగిలిన మన్ను నాలుకకు రాసుకున్నాడు.

“అవునన్నా,” అన్నాడు, ఊపిరి అందీ అందకుండా. “పులుపు చాల్లేదు. ఇంకో కడవ మజ్జిగ పొయ్యాల.”

సింహాసనం మీద నవ్వు టక్కున ఆగిపోయింది. ఇనుప ముసుగు వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. గొంతు మీది చేతులు బిగుసుకోనూ లేదు, వదలనూ లేదు.